రెండు చేదల బక్రీ

లటాకియా, జనవరి 9

తమ్ముడు నుమాన్‌కి అక్క బహీజా సలాములు.

నువ్వూ మరదలు బద్రియా కులాసాయే కదా. ఆ పాడు జ్వరం వచ్చి పోయి ఏడాది దాటినా నువ్వింకా చిక్కిపోయే ఉన్నావని అలెప్పో నుంచి వచ్చినవాళ్లు చెబుతున్నారు. తిండి మానకు. శీతాకాలం సబ్బు వండే కాలం, కొప్పెర దగ్గర నిలబడాలంటే ఒంట్లో శక్తి ఉండాలి.

ఇక మా సంగతి. అలెప్పోలో పని పోయి వచ్చిన మీ బావ ఇక్కడ నువ్వుల మిల్లులో కుదురుకున్నాడు. కుదురుకున్నాడంటే వెళ్తున్నాడు, వస్తున్నాడు, అంతే. ముప్ఫై ఏళ్లు మీ సబ్బు కొప్పెరలో కాస్టిక్ నీళ్లు చేదలకి చేదలు చుక్క తేడా లేకుండా పోసిన మనిషి, ఇప్పుడు టీలో చక్కెర వేసుకోమంటే నా ముఖం చూస్తున్నాడు. ‘ఒక చెంచానా, రెండా?’ అని అడుగుతున్నాడు. మిల్లులో కూడా పాళ్లు కలిపే పని ఇస్తామంటే వద్దని బస్తాలు మోస్తున్నాడు.

పోయిన గురువారం నేను తలంటుకోవడానికి హమామ్‌కి వెళ్లాను. అలెప్పో నుంచి కొత్తగా వచ్చిన దర్జీ పెళ్లాం ఒకావిడ, నేనెవరో తెలియక, ‘మీ ఊరి మిల్లులో చేరాడటగా రెండు చేదల బక్రీ’ అంది. అదేం పేరమ్మా అని ఆడవాళ్లంతా చుట్టూ చేరారు. ఆవిడ పూసగుచ్చినట్టు చెప్పింది. భోజనం చేసి కునికిపాట్లు పడుతూ రెండు చేదల కాస్టిక్ ఎక్కువ పోశాడట. బావమరిది ఉడికిన సబ్బు రుచి చూసి ‘పండింది’ అని పైకి వెళ్లాక పోశాడట. సరుకు సరుకంతా మోసుల్ నుంచి తిరిగొచ్చిందట. ఆ బక్రీ నా మొగుడని చెప్పలేక, నేను తలమీద నీళ్లు పోసుకుంటున్నట్టు ముఖం దాచుకుని కూర్చున్నాను. మనిషినన్నాక సిగ్గుండదా.

ఇంటికొచ్చి ఆయన్ని కడిగేశాను. అలెప్పో నుంచి వచ్చిన కొత్తలో ‘నేను పొయ్యలేదే బహీజా’ అనేవాడు. నేను నమ్మలేదు. ఇప్పుడు అదీ అనడం లేదు. ‘అయ్యుంటుంది లేవే, చెయ్యి తప్పి ఉంటుంది’ అంటాడు.

అక్కడి సబ్బు మేస్త్రీల్లో నీ మాటకి ఎదురులేదు. ఈయన్ని మళ్లీ ఎవరైనా చేర్చుకునేలా ఒక మాట వెయ్యి. ఇంకొకటి, ఆ రోజు నువ్వక్కడే ఉన్నావు. అసలేం జరిగిందో నాకు ఉన్నదున్నట్టు రాయి. ఆయనకి చదువు రాదు కాబట్టి ఉత్తరం నా చేతుల్లోనే ఉంటుంది, భయపడకు.

నీ అక్క
బహీజా

*

అలెప్పో, జనవరి 27

అక్కకి సలాం చేసి నుమాన్ రాసేది.

మేమంతా క్షేమం. నువ్వు రాసినదానికి మనసు కష్టపడింది. హమామ్‌లో ఆడవాళ్ల మాటలు చెవిన వేసుకోకు. జనానికి రోజుకో కథ కావాలి, ఇది కూడా మరిచిపోతారు.

ఇక్కడ పని ముమ్మరంగా ఉంది. ఈ ఏడు మా కొప్పెర సరుకు చాలా బాగా దిగుతోందని అందరూ అంటున్నారు. మా మేస్త్రీల పెద్ద హాజ్ తౌఫీక్ మంచం పట్టాడు, రంజాన్ దాటడని హకీం చెప్పాడు.

నీకు రెండు వీశెల పిస్తాలు, బావకి ఉన్ని శాలువా ఒకటి పంపుతున్నాను. బావని ఏమీ అనకు. ఆయన మంచివాడు.

నుమాన్

*

లటాకియా, ఫిబ్రవరి 18

నుమాన్‌కి,

పిస్తాలు అందాయి. శాలువా ఆయన కప్పుకోలేదు, మడతపెట్టి పెట్టెలో దాచాడు.

అరపేజీ రాశావు, అడిగినదానికి జవాబు లేదు. చిన్నప్పుడు తేనె సీసా పగలగొట్టి, నేనడిగితే ఊళ్లో కబుర్లన్నీ చెప్పేవాడివి. అలా ఉంది నీ ఉత్తరం.

ఒక తప్పు చేశాను, నీకు కాక ఎవరికి చెప్పుకోను. మొన్న నా తోడికోడలూ పిల్లలూ భోజనానికి వచ్చారు. గోధుమరవ్వ, మాంసం దంచి కిబ్బె చేశాను. ఆయన ఉప్పు ఎక్కువైందేమో అన్నాడు, పాపం మెల్లగానే అన్నాడు. నాకు ఎక్కడిదో కోపం తన్నుకొచ్చింది. ‘కొలతల గురించి రెండు చేదల బక్రీ చెబుతున్నాడు, వినండర్రా’ అన్నాను. అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వాడు నుమాన్. నవ్వి, చెయ్యి కడుక్కుని, రేవు వైపు వెళ్లిపోయాడు. వాళ్లు వెళ్లేదాకా తిరిగి రాలేదు.

కట్టుకున్నదాన్నై ఉండి, బయటివాళ్లు పెట్టిన పేరుతో ఆయన్ని నేనే పిలిచాను. ఎక్కడా ముఖం చెల్లడం లేదు. ఆయన తప్పు చేశాడో లేదో తెలిస్తే, తిట్టాలో ఊరుకోవాలో నాకు ఒక దారి దొరుకుతుంది. ఈసారి సరిగా రాయి.

బహీజా

*

అలెప్పో, మార్చి 5

అక్కా,

ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టి చింపేశాను. ఇది ఐదోది.

బావ ఒక్క చుక్క కూడా ఎక్కువ పొయ్యలేదు. తప్పు నాది.

నాకు జ్వరం వచ్చింది కదా, అది పోతూ పోతూ నా నాలుకని తీసుకుపోయింది. రుచి ఒక్కటే కాదు, స్పర్శ కూడా. మరిగే టీ తాగితే పొక్కిందని అద్దంలో చూసుకుని తెలుసుకున్నాను. బద్రియాకి కూడా రెండు నెలలు చెప్పలేదు. ఎలా చెప్పను? సబ్బు వండేవాడికి ఉన్న ఆస్తి నాలుకే. మూడు రోజులు ఉడికిన సబ్బుని కర్రతో తీసి నాలుక మీద పెట్టుకుంటాం. కాస్టిక్ మిగిలి ఉంటే మండుతుంది, ఇంకా ఉడకాలి. మండకపోతే పండినట్టు. అలెప్పోలో నా నాలుక తప్పు చెప్పదని మా గురువే అనేవాడు. అది పోయిందంటే నేనెవరిని?

ఆ రోజు మధ్యాహ్నం బావ నన్ను పిలిచాడు. ‘నుమాన్, సరిగ్గా చూడు. నురగ నాకు నచ్చలేదు, ఇంకో పూట ఉడకాలేమో’ అన్నాడు. విన్నావా అక్కా, ఆయన చెప్పాడు. నేను కర్ర అందుకుని నాలుక మీద పెట్టుకున్నాను. ఏమీ మండలేదు. నా నాలుక చచ్చిందని నాకు తెలుసు. అయినా ఇరవై ఏళ్ల అలవాటు చూడు, మండకపోయేసరికి సంతోషం వేసింది. పండింది, దింపండి అన్నాను. చచ్చిన నాలుకకి ప్రతి సబ్బూ పండినట్టే ఉంటుందని ఆ క్షణంలో తోచలేదు. తోచిందేమో, తొక్కిపెట్టానేమో, ఇప్పుడు చెప్పలేను.

కొత్త సబ్బు ఎలాగూ చేతికి కాస్త చురుక్కుమంటుంది. తొమ్మిది నెలలు ఆరితేగానీ బండారం బయటపడదు. అక్టోబరులో మోసుల్ నుంచి సరుకు తిరిగొచ్చింది, పైన తెల్లటి పొడి, వాడినవాళ్ల చేతులు పగిలాయట. ఆ సాయంత్రం మేస్త్రీలందరం కాఫీ కొట్టులో కూర్చున్నాం. హాజ్ తౌఫీక్ ‘ఏమయింది నాయనా’ అని నన్నడిగాడు. నేను ఒక్కటే మాట అన్నాను. ‘నేను రుచి చూసినప్పుడు మండలేదు.’

అబద్ధం కాదు. అక్షరం అక్షరం నిజం. అదే నన్ను చంపుతోంది.

సుబ్హీ, పక్క సబ్బు కొట్టు మేస్త్రీ, ‘అయితే తర్వాత ఎవరో చెయ్యి పెట్టారన్నమాట’ అన్నాడు. అందరూ బావ వైపు తిరిగారు. బావ నా వైపు తిరిగాడు. నేను కప్పులోకి చూస్తూ కూర్చున్నాను. ఆయన నన్ను నలుగురిలో కాదనడానికి ఇష్టపడలేదు, పెళ్లాం తమ్ముణ్ణి కదా. సాయంత్రం నమాజు వేళకి ఆ ‘ఎవరో’ బక్రీ అయ్యాడు. మర్నాటికి ‘చెయ్యి పెట్టడం’ రెండు చేదలయింది. ఆ రెండు ఎవరు లెక్కపెట్టారో నాకిప్పటికీ తెలియదు. వారానికి కునికిపాట్లు వచ్చి చేరాయి. నెల తిరిగేసరికి ఆయన తాగుతాడన్నారు. అన్నిసార్లూ నేను అక్కడే ఉన్నాను.

ఈ ఏడు సరుకు బాగుందని రాశాను కదా. రోజూ ఒక సబ్బు ముద్ద రుమాలులో మూటగట్టి ఇంటికి తెస్తున్నాను. బద్రియా నాలుక మీద పెట్టుకుని ‘ఇంకా మండుతోంది’ అనో ‘సరిపోయింది’ అనో చెబుతుంది. నేను తిరిగి వెళ్లి కొప్పెర ముందు నాలుక చాపి, తల ఊపుతాను. పాపం దాని నోరంతా పుండ్లు. నాకేమో ఊళ్లో మెప్పు.

నీకు చెప్పాను. నన్ను ఏమన్నా అను.

నుమాన్

*

లటాకియా, మార్చి 14

నుమాన్,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను.

నీ ఉత్తరం వచ్చినప్పుడు ఆయన ఇంట్లోనే ఉన్నాడు. ‘మీ తమ్ముడు ఏం రాశాడే’ అన్నాడు. అంతా కులాసా అట అన్నాను. చూశావా, నన్ను కూడా నీలో కలుపుకున్నావు.

నాకు చెప్పి గుండె తేలిక చేసుకుందామనుకున్నావు కాబోలు. నేనెవర్ని, నాకెందుకు చెప్పడం? ఆయన పేరు పోయింది నా వంటింట్లో కాదు. మీ కాఫీ కొట్టులో, మీ మేస్త్రీల ముందు. అక్కడ చెప్పు. చెప్పేదాకా ఈ ఉత్తరం ఆయనకి చదవను. ఊరంతా ఒక మాట అంటూ ఉంటే, రహస్యంగా ఇంకో మాట ఆయన చెవిలో వెయ్యడం ఇంకో అవమానం.

చెబితే నీ పని పోతుందని నాకు తెలుసు. నువ్వు నా చేతుల్లో పెరిగినవాడివి. అయినా చెప్పు.

బహీజా

*

అలెప్పో, ఏప్రిల్ 7

అక్కా,

చెప్పాను. ఏమయిందో విను, నవ్వుతావో ఏడుస్తావో నీ ఇష్టం.

హాజ్ తౌఫీక్ పోయి నలభై రోజులయింది. మేస్త్రీలంతా కొత్త పెద్దని ఎంచుకోవడానికి కూర్చున్నారు. నా పేరే వచ్చింది. ఇంతకంటే మంచి సమయం రాదనుకుని లేచాను. నాలుక సంగతి, బావ చెప్పిన మాట, నేను కప్పులోకి చూడడం, ఏదీ దాచకుండా అంతా చెప్పాను.

చెప్పి కూర్చున్నాను. సుబ్హీ కళ్లు తుడుచుకున్నాడు. ‘చూశారా, అక్క కాపురం కోసం బావ చేసిన తప్పు నెత్తిన వేసుకుంటున్నాడు. ఇలాంటి మనిషి మనకి పెద్ద కాకపోతే ఇంకెవరవుతారు’ అన్నాడు. అందరూ లేచి నన్ను కౌగిలించుకున్నారు. కాదు, నిజం చెబుతున్నాను మొర్రో అంటే, ‘తెలుసులే నుమాన్, తెలుసు’ అని వీపు నిమిరారు. ఒకడు ‘ఈ ఏడు ఇంత గొప్ప సరుకు దించినవాడికి నాలుక లేదట’ అని నవ్వాడు.

నన్ను పెద్దని చేశారు. బావ పేరు మునుపటికంటే పాడయింది, ఎందుకంటే ఇప్పుడు ఆయన కోసం నేను అబద్ధమాడుతున్నానని కూడా అంటున్నారు. దారిలో సలాం చెప్పేవాళ్లు రెట్టింపయ్యారు. ఒక్కొక్క సలాం చెంపదెబ్బలా తగులుతోంది. నోరు తెరిచి చెప్పాను కదా, ఇంకేం చెయ్యను? నావల్ల కాదు.

నుమాన్

*

లటాకియా, ఏప్రిల్ 12

నుమాన్,

చెప్పడం నీవల్ల అయింది కదా, నమ్మించడం ఎందుకు కాదు? నీ నాలుక నీ నోట్లోనే ఉంది. తీసుకెళ్లి చూపించు. మండే సబ్బు వాళ్ల చేత్తోనే పెట్టించుకో.

పెద్దరికం బాగున్నట్టుంది, అందుకే త్వరగా చేతులెత్తేశావు. ఈ మాట కోపంలో రాశాను. అయినా కొట్టెయ్యను.

బహీజా

*

అలెప్పో, ఏప్రిల్ 20

అక్కా,

నువ్వు కొట్టెయ్యని మాట చదివి రెండు రోజులు అన్నం ముట్టలేదు. నిజమే రాశావు. పెద్దరికం బాగుంది. సలాములు చెంపదెబ్బల్లా తగులుతున్నాయని రాశాను కానీ, ఆ దారినే రోజూ వెళ్లాను. వేరే దారి ఉంది.

నిన్న మధ్యాహ్నం సుబ్హీ కొట్టుకి వెళ్లాను. సీజను చివరి కొప్పెర అది, ఉడకడం మొదలుపెట్టి ఒక్కరోజే. మేస్త్రీలందర్నీ అక్కడికే పిలిపించాను. నా కళ్లకి గంత కట్టమన్నాను. పచ్చి ముద్ద ఒకటి, పండి ఆరిన సబ్బు ఒకటి, ఏ వరసలో అయినా పెట్టండి, ఏది ఏదో చెబుతాను అన్నాను. ఆటనుకున్నారు. సుబ్హీ ‘మా పెద్దకి పరీక్షా’ అంటూ నవ్వుతూనే నోట్లో పెట్టాడు.

మొదటిది పెట్టాడు. నాకేమీ తెలియలేదు. రెండోది పెట్టాడు. ఏమీ తెలియలేదు. ‘ఏది పచ్చిది’ అన్నాడు. నాకు తెలియదు అన్నాను. అందరూ నవ్వారు, నేను నటిస్తున్నానని. నోట్లో ఉన్నదాన్ని ఉమ్మకుండా అలాగే ఉంచాను. నవ్వులు ఒక్కొక్కటే ఆగాయి. ఎవరో ‘ఉమ్మెయ్యి’ అన్నారు. ఉంచాను. సుబ్హీ నా గంత లాగేసి, దవడ పట్టుకుని వేళ్లతో ముద్ద బయటికి తీశాడు. ఆయన వేలు మండి నీళ్లలో ముంచుకున్నాడు. నా నాలుక మీద తోలు తెల్లగా లేచి ఊడిపోతోందట. నేను వాళ్ల ముఖాలు చూసి తెలుసుకున్నాను.

అప్పుడు నమ్మారు.

ఎవరూ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. ఒక్కొక్కరే చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయారు. సుబ్హీ మటుకు ఆగి, ‘చెయ్యి పెట్టారన్న మాట మొదట నా నోటి నుంచే వచ్చింది. నేనూ బక్రీకి ముఖం చూపించలేను’ అన్నాడు. ‘మరి ఈ ఏడు సరుకు ఎవరు చూశారు’ అని అడిగాడు. బద్రియా అన్నాను.

ఇవాళ బజారులో నా పేరు బద్రియా మొగుడు. కూరగాయల వాడు కూడా అలాగే పిలిచాడు. పెద్దరికం తీసేశారు, నాలుగిళ్ల అవతల ఉండేవాడికి ఇచ్చారు. మా యజమాని కబురు పెట్టాడు, వచ్చే శీతాకాలం నేను రానక్కర్లేదట, కొప్పెర బావకి అప్పగిస్తాడట. నురగ చూసి చెప్పినవాడు ఆయనే కదా అన్నాడట. మేస్త్రీలు తలా ఒక మాట చెప్పి నాతో రాయిస్తున్నారు, బక్రీని రమ్మను, మా తప్పు మన్నించమను అని. రెండు చేదలు అన్న మాట ఇప్పుడు ఎవడి నోటా లేదు. అంత తొందరగా పోతుందని నాకు తెలియదు. అక్టోబరులోనే చెప్పి ఉంటే అసలు పుట్టేదే కాదు.

ఇక చదివి వినిపించు. నావి ఏవీ దాచకు. ఆయన నన్ను క్షమించాలని అడగను, అడిగే ముఖం లేదు.

నుమాన్

*

లటాకియా, మే 3

తమ్ముడు నుమాన్‌కి,

నాలుక ఎలా ఉంది? బద్రియా నోరు మానిందా? దానికి నా ముద్దులు చెప్పు. మన ఇంట్లో సిగ్గుపడనక్కర్లేని మనిషి అదొక్కతే.

నీ ఉత్తరాలన్నీ వరసగా ఆయనకి చదివాను. ఉపవాసం మీద ఉన్నాడు, కిటికీ పక్కన చాప మీద పడుకుని విన్నాడు. నురగ నచ్చలేదన్న మాట దగ్గర లేచి కూర్చున్నాడు. ‘అన్నాను కదా. అన్నానని నేనే మరిచిపోయాను’ అన్నాడు. ఆ చోటు మళ్లీ చదివించుకున్నాడు. నీ మీద కోపం లేదు. ‘ఏడాదిన్నర నుంచి ఏం తిన్నా రుచి లేదంటే ఎంత నరకమో పాపం’ అన్నాడు. సుబ్హీ వేలు మండిన చోట నవ్వాడు కూడా.

నాకు పండగలా అనిపించింది. ఇంకేముంది, సామాను సర్దుతాను, రంజాన్ కాగానే అలెప్పో పోదాం, పోయేముందు ఆ దర్జీ పెళ్లాన్ని హమామ్‌లో నిలబెట్టి నాలుగు అంటాను, అని ఏవేవో వాగుతున్నాను. ఆయన వింటూ వింటూ ఒక మాట అడిగాడు.

‘బజారు నమ్మిందంటే సరే బహీజా. వాళ్లు నన్ను పని దగ్గరే చూశారు. నువ్వు ఇరవై ఆరేళ్లు నాతో ఉన్నావు. నేను పొయ్యలేదని నీకు చెప్పాను. నువ్వెందుకు నమ్మలేదు?’

గద్దించలేదు. తెలుసుకుందామని అడిగినట్టు అడిగాడు. మా తమ్ముడు అబద్ధమాడడు కదా అనుకున్నాను, అన్నాను.

‘ఊఁ. నేనాడతాననుకున్నావు’ అన్నాడు. చెప్పులు వేసుకుని మిల్లుకి వెళ్లాడు.

దీనికి నాలుగు రోజులయింది. వేళకి వస్తున్నాడు, ఉపవాసం విడుస్తున్నాడు, పెట్టింది తింటున్నాడు. అలెప్పో వెళ్దామా అంటే నీ ఇష్టం అంటున్నాడు. నీ మీద వేసిన మాటలన్నీ నాకు గుర్తొస్తున్నాయి. చెప్పడం నీవల్ల అయింది కదా, నమ్మించడం ఎందుకు కాదు అని ఎంత సులువుగా రాశాను. ఆ కిబ్బె రోజు ఆయన నవ్విన నవ్వు గుర్తొచ్చి, కూర తరుగుతూ తరుగుతూ ఆగిపోతున్నాను. ఆ పేరు బజారులో ఒకరి నుంచి ఒకరికి వెళ్లింది, ఎవరు మొదలుపెట్టారో కూడా తెలియదు. ఇంట్లో మటుకు నేనొక్కదాన్నే.

నలభైమంది మేస్త్రీల ముందు నువ్వు లేచి నిలబడ్డావు. నా ముందున్నది ఒక్కడు. రోజూ ఉపవాసం విడిచి ఆయన చాప మీద కూర్చోగానే, తప్పు నాదని చెబుదామని దగ్గరికి వెళ్తాను. నీళ్లు కావాలా అని అడిగి వచ్చేస్తాను.

ఎలా మొదలుపెట్టావో రాయి, నుమాన్. లేచి నిలబడి మొట్టమొదట ఏ మాట అన్నావో అదొక్కటి రాయి. మిగతాది నేనే చెప్పుకుంటాను.

నీ అక్క
బహీజా